రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదు: రాష్ట్ర రహదారుల మీద వేగానికీ ఊరికీ కుదరని లెక్క

దేశంలో మొత్తం రోడ్ల పొడవు 63 లక్షల కిలోమీటర్లకు పైమాటే. అందులో రాష్ట్ర రహదారులు దాదాపు 1.8 లక్షల కిలోమీటర్లు. అంటే నూటికి మూడు కిలోమీటర్లు కూడా లేవు. కానీ 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 41 వేల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ రోడ్ల మీదే. నూటికి 24 మంది. ఆ ఏడాది అన్ని రకాల రోడ్లూ కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 8 వేల మందికి పైగా, తెలంగాణలో 7,500 మందికి పైగా చనిపోయారు.

జాతీయ రహదారుల వాటా ఇంకా ఎక్కువ, 36 శాతం. అయితే వాటి గురించి కనీసం చర్చ జరుగుతుంది. అక్కడ టోల్ వసూలు చేసే సంస్థ ఉంటుంది, పెట్రోలింగ్ బండి తిరుగుతుంది, పెద్ద ఊరు వస్తే బైపాస్ వేస్తారు, లేదా సర్వీస్ రోడ్డు ఇస్తారు. రాష్ట్ర రహదారి మీద లారీలు, బస్సులు, కార్లు దాదాపు అదే వేగంతో పోతుంటాయి. అదే తారు మీద ట్రాక్టర్ పొలానికి వెళ్తుంది, కూలీల ఆటో ఆగుతుంది, పిల్లలు సైకిళ్ల మీద బడికి పోతారు, గేదెలు దాటుతాయి. దూరం వెళ్లేవాళ్లకు అది హైవే, పక్కన బతికేవాళ్లకు ఊరి వీధి. ప్రణాళిక అంతా మొదటి అవసరం చుట్టూ సాగుతుంది. రెండోదాన్ని హెచ్చరిక బోర్డులకూ స్పీడ్ బ్రేకర్లకూ వదిలేస్తారు. ఈ రోడ్ల మీద జరిగే ఘోరాలకు మూలం వెతుక్కుంటూ పోతే ఎక్కువసార్లు ఇక్కడికే వచ్చి ఆగుతాం.

ఎవరూ గీయని దారి

రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విడదీసే పద్ధతి 1943 నాటి నాగపూర్ ప్లాన్‌తో స్థిరపడింది. రాజ్యాంగం జాతీయ రహదారులను కేంద్రానికి అప్పగించి, మిగతా రోడ్లను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. మన దగ్గర రాష్ట్ర రహదారులను, ముఖ్యమైన జిల్లా రోడ్లను రోడ్లు భవనాల శాఖ చూస్తుంది, ఊరి రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీర్ల చేతిలో ఉంటాయి. ఆకుపచ్చ తల ఉన్న కిలోమీటరు రాయి కనిపిస్తే అది రాష్ట్ర రహదారి.

వీటిలో చాలా వాటికి మొదటి నుంచీ ఒక ఇంజినీరు కూర్చుని గీసిన దారంటూ లేదు. ఎడ్ల బండ్లు నడిచిన బాట మీద గ్రావెల్ పోశారు. దాని మీద కంకర పరిచారు. తర్వాత ఒక వరుస (లేన్) తారు రోడ్డు, ఆ తర్వాత రెండు వరుసలు. ప్రతిసారీ పాత గీత మధ్యలోనే ఉండి, అటూ ఇటూ కొంచెం పెరుగుతూ వచ్చింది. చెరువు కట్ట దగ్గర వంపు, గుడి దగ్గర మలుపు, వాగు దగ్గర ఇరుకు కల్వర్టు అలాగే ఉండిపోయాయి. ఎడ్ల బండి నడకకు ఆ వంపు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఎనభైలో వచ్చే టిప్పర్‌కు అదే వంపు ప్రాణాంతకం.

భారత రోడ్ల కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో ఊరి బయట రాష్ట్ర రహదారికి మామూలుగా 45 మీటర్ల స్థలం ఉండాలి. అందులో 7 మీటర్లు తారు, రెండు పక్కలా తారును ఆనుకుని రెండున్నర మీటర్ల చొప్పున భుజాలు (షోల్డర్లు), తర్వాత కాలువలు, చెట్లు, రేపటి విస్తరణకు జాగా. రికార్డుల్లో అంత స్థలం ఉన్న చోట కూడా నేల మీద చాలా సందర్భాల్లో కనిపించదు. ఉన్న కొద్ది స్థలంలోకి షాపుల మెట్లు, రేకుల షెడ్లు, హోర్డింగులు జరుగుతూ వస్తాయి.

ఇక్కడ పాలనలో ఒక ఖాళీ ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రోడ్డు ఒక శాఖది. రోడ్డు పక్కన ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. రోడ్డు బాగుపడగానే పక్క భూమి ధర పెరుగుతుంది. పెట్రోల్ బంకు వస్తుంది, దాబా వస్తుంది, ఫంక్షన్ హాలు, కాలేజీ, వెంచర్ వరసగా వస్తాయి. ప్రతి గేటూ ఒక కొత్త జంక్షన్. ఇన్ని గేట్లు నేరుగా హైవే మీదికి తెరుచుకోవచ్చా అని అడిగి, కాదనగలిగే అధికారం నిజంగా వాడే చెయ్యి కనిపించదు. పదేళ్లలో రెండు ఊళ్ల మధ్య ఖాళీ మాయమై, పది కిలోమీటర్ల పొడవునా ఒకే వీధి తయారవుతుంది. అప్పుడు బైపాస్ అడుగుతారు. బైపాస్ వేసిన కొన్నాళ్లకు దాని పక్కనా అదే మొదలవుతుంది. బైపాస్‌కు స్థలం సేకరించేటప్పుడే దాని మీదికి నేరుగా గేట్లు తెరవకూడదని నోటిఫై చేసి అమలు చేయకపోతే ఆ ఖర్చంతా కొన్నేళ్ల ఊరట కోసమే.

పేరు మీద కూడా ఒక మాట. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన మద్యం షాపులు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, కొన్ని రాష్ట్రాలు పట్టణాల గుండా పోయే రాష్ట్ర రహదారి భాగాలను జిల్లా రోడ్లుగానో మున్సిపల్ రోడ్లుగానో మార్చుకున్నాయి. రోడ్డు స్థాయిని తేల్చాల్సింది దాని మీద నడిచే ట్రాఫిక్. అది మద్యం లైసెన్సుల కోసం మారిపోవడం బాధాకరం.

లెక్కలోకి రాని మనుషులు

ఒక రోడ్డును ఒక వరుస నుంచి రెండు వరుసలకో, రెండు నుంచి నాలుగుకో పెంచాలంటే మొదట ట్రాఫిక్ లెక్క తీస్తారు. పాత ఐఆర్‌సీ పద్ధతి ప్రకారం ఏడాదికి రెండుసార్లు, పంటలు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఒకసారి, ఖాళీ రోజుల్లో ఒకసారి, వరసగా ఏడు రోజులు రాత్రింబవళ్లు వాహనాలు లెక్కపెట్టాలి. కారుకు 1, బైకుకు 0.5, బస్సుకో లారీకో 3, ఎడ్ల బండికి 8 చొప్పున అంకెలు వేసి మొత్తం కడతారు. మైదానంలో రెండు వరుసల రోడ్డుకు రోజుకు 15 వేల యూనిట్ల వరకు తగినదని, ఐదున్నర మీటర్ల రోడ్డుకు 6 వేలని ప్రమాణం. ఆ అంకె దాటితే విస్తరణకు ప్రతిపాదన తయారవుతుంది.

ఈ పద్ధతిలో తప్పు లేదు, రోడ్డు ఎంత స్థలం ఇవ్వాలో ఇది చెబుతుంది. కానీ రోడ్డు దాటే మనిషికి ఇందులో అంకె లేదు. బస్సు దిగి అవతలి వైపు ఊళ్లోకి పోయే ముసలమ్మ, సాయంత్రం బడి వదలగానే గుంపుగా దాటే పిల్లలు, పత్తి ఏరి ఇంటికి పోయే కూలీలు ఈ లెక్కల్లో ఎక్కడా ఉండరు. బైకుది అర అంకె. 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతుల్లో 44.5 శాతం బైకుల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం పాదచారులు. చనిపోతున్న ముగ్గురిలో దాదాపు ఇద్దరు ప్రాజెక్టు రిపోర్టుల్లో అతి చిన్న అంకెగానో, అసలు అంకె లేకుండానో ఉన్నారు. డీపీఆర్‌కు, అంటే పని మొదలుకాకముందు తయారయ్యే సవివర ప్రాజెక్టు నివేదికకు, టెండరు పిలిచేటప్పుడే, ఏ ఊరి దగ్గర ఏ వేళలో ఎంతమంది రోడ్డు దాటుతున్నారో లెక్క తీయాలని ఒక షరతు పెడితే దానికయ్యే ఖర్చు మొత్తం పనిలో కనిపించనంత తక్కువ.

బాగుపడిన రోడ్డు ఎందుకు చంపుతుంది

గుంతల రోడ్డు మీద బండి ముప్పైలో పోతుంది. నడుము పోతుంది, టైర్లు పోతాయి, ప్రాణం పోవడం మాత్రం అరుదు. అదే రోడ్డును వెడల్పు చేసి, కొత్త బీటీ పరిచి, మధ్యలో తెల్ల గీత కొట్టగానే అవే బండ్లు ఎనభైకి చేరతాయి. ఊళ్లూ, బడులూ, బస్టాపులూ ఉన్నచోటే ఉంటాయి. కొత్త రోడ్డు వేశాక ఊళ్లో చావులు పెరిగాయని జనం అనే మాటను అధికారులు కొట్టిపారేస్తారు. కొట్టిపారేయాల్సిన మాట కాదది.

వేగానికీ చావుకూ మధ్య సంబంధం తిన్నగా పెరిగేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుంది. పాదచారిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దడానికీ 65తో గుద్దడానికీ మధ్య చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. డ్రైవర్‌కు ఆ పదిహేను కిలోమీటర్ల తేడా స్పీడోమీటర్‌లో చిన్న కదలిక.

ఆగడానికి పట్టే దూరమూ అంతే. ఐఆర్‌సీ లెక్కలో డ్రైవర్ ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు నొక్కడానికి రెండున్నర సెకన్లు తీసుకుంటారు. వందలో పోయే బండి ఆ రెండున్నర సెకన్లలోనే 70 మీటర్ల దాకా ముందుకు పోతుంది, అప్పటికి బ్రేకు ఇంకా పడనే లేదు. పూర్తిగా ఆగడానికి 50 వేగంలో 60 మీటర్లు, 80లో 120, 100లో 180 మీటర్ల దారి కనిపించాలి. రెండు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయాలంటే 80 వేగంలో 470 మీటర్లు ఎదురుగా ఖాళీగా కనిపించాలి. చెరువు కట్ట వంపులో, వంతెన ఎక్కుడులో అంత దూరం కనిపించదు. ఎదురెదురుగా గుద్దుకునే ప్రమాదాల వెనుక డ్రైవర్ తొందర ఉన్న మాట నిజమే. ఆ తొందరకు రోడ్డు ఇచ్చిన ధైర్యం కూడా ఉంది.

ఇంకో చిక్కు. మైదానంలో రాష్ట్ర రహదారిని గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేయాలని ప్రమాణం. 2018లో కేంద్రం ఇచ్చిన వేగ పరిమితుల నోటిఫికేషన్‌లో మధ్యలో డివైడర్ లేని ఇలాంటి రోడ్ల మీద కార్లకు 70, బైకులకూ లారీలకూ 60. ఊళ్లోకి రాగానే బోర్డు మీద 30 రాస్తారు. రోడ్డు వంద చూపిస్తుంది, చట్టం డెబ్భై అంటుంది, బోర్డు ముప్పై అంటుంది. బండి నడిపే మనిషి కళ్లు బోర్డును ఒక్క క్షణం చూస్తాయి, రోడ్డును మాత్రం దారి పొడవునా చూస్తూనే ఉంటాయి. ఆయన నమ్మేది రోడ్డునే. అందుకే, ప్రతి కిలోమీటరు దగ్గర ఇక్కడ ఎంత వేగం ఉండాలి అన్న ప్రశ్నకు ముందు జవాబు తేల్చుకుని, ఆ వేగం దానంతట అదే వచ్చేలా రోడ్డును మలచడం ప్రణాళికలో మొదటి పని కావాలి. మన దగ్గర వెడల్పు ముందు తేలుతుంది, వేగం సంగతి ప్రమాదం జరిగాక గుర్తొస్తుంది.

ఊరి పొలిమేర నుంచి మొదలుపెట్టాలి

వేగం తగ్గించడమంటే మన దగ్గర స్పీడ్ బ్రేకర్ అనే అర్థం స్థిరపడిపోయింది. ఒక పిల్లాడు చనిపోతాడు, జనం రాస్తారోకో చేస్తారు, రాత్రికి రాత్రి కాంక్రీటు గుట్ట ఒకటి లేస్తుంది. దానికి పెయింటు ఉండదు, ముందు బోర్డు ఉండదు. చీకట్లో బైకు దాని మీద ఎగిరి ఇంకో ప్రాణం పోతుంది. ఐఆర్‌సీ 1988లోనే దీనికి కొలత చెప్పింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో పొడవు 3.7 మీటర్లు, గుండ్రంగా. అలా కట్టినది గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఇబ్బంది లేకుండా దాటిస్తుంది. మనకు కనిపించే అడుగున్నర వెడల్పు గుట్టలకు ఆ కొలతతో పోలికే లేదు. జనం బాధతో అడిగినప్పుడు అదే రోజు సరైన కొలతతో కట్టి ఇచ్చే ఏర్పాటు శాఖ దగ్గర ఉంటే వాళ్లే సిమెంటు కలుపుకునే అవసరం రాదు.

అసలు పని ఊరికి ముందే మొదలవ్వాలి. పొలిమేరకు రెండు మూడు వందల మీటర్ల ముందు బండిని గడగడలాడించి హెచ్చరించే సన్న పట్టీలు (రంబుల్ స్ట్రిప్స్), పెద్ద బోర్డు, రెండు పక్కలా అంచులు దగ్గరికి వస్తున్నట్టు గీతలు. ఊరు మొదలయ్యే చోట మధ్యలో చిన్న ఐలాండ్, లేన్ కొంచెం ఇరుకు. అక్కడి నుంచి రోడ్డు పక్క గట్టు, నడిచే దారి, దీపాలు. దాటే చోట రోడ్డునే కొంచెం ఎత్తు చేసి, మధ్యలో నిలబడటానికి జాగా ఇవ్వాలి. అప్పుడు పాదచారి ఒకసారికి ఒక వైపు ట్రాఫిక్‌నే చూసుకుంటే చాలు. బస్టాపు జంక్షన్ మూల మీద ఉండకూడదు. ఆగిన బస్సు వెనక నుంచి దిగి దాటేవాళ్లు అటు నుంచి వచ్చే బండికి కనిపించరు. జనం రోడ్డు దాటే చోటు కన్నా కొంచెం ముందుకు వెళ్లి, రోడ్డు పక్కకు తీసిన బేలో బస్సు ఆగితే ఆ గుడ్డితనం పోతుంది. ఇవేవీ కొత్త సంగతులు కావు, ఐఆర్‌సీ మాన్యువళ్లలో ఉన్నవే.

నాలుగు వరుసలైతే ఊరి సమస్య పోతుందనుకోవడం కూడా పొరపాటు. తెలంగాణలో రాజీవ్ రహదారి, రెండు రాష్ట్రాల మధ్య నార్కట్‌పల్లి నుంచి అద్దంకి మీదుగా మేదరమెట్ల దాకా పోయే రోడ్డు రాష్ట్ర రహదారులుగానే, టోల్ పద్ధతిలో నాలుగు వరుసలయ్యాయి. డివైడర్ రావడంతో ఎదురెదురు ఢీలు తగ్గుతాయి. కానీ డివైడర్‌కు తెరుపు ఎక్కడ ఇచ్చారన్నది ఊరికి చావు బతుకుల ప్రశ్న. యూటర్న్ కిలోమీటరున్నర దూరంలో ఉంటే, అవతలి పొలానికి పోవాల్సిన రైతు ట్రాక్టర్‌ను ఎదురు దిశలోనే నడుపుతాడు. మూడు కిలోమీటర్ల డీజిల్, సమయం ఎవరూ వదులుకోరు. రాంగ్ రూట్ అని ఫైన్ వేయవచ్చు. మళ్లీ రేపు అదే చేస్తాడు, రోడ్డు అతనికి ఇంకో దారి ఇవ్వలేదు మరి. దగ్గర దగ్గరగా తెరుపులు ఇస్తే ఇంకో ప్రమాదం: వందలో వచ్చే కారు ముందు బైకు అడ్డంగా తిరుగుతుంది. దీనికి సరైన జవాబు ఊరి పొడవునా సర్వీస్ రోడ్డు, రెండు చివర్లా తిరిగే వీలు, పొలాల మధ్య ట్రాక్టర్లు దూరే అండర్‌పాస్. ఖర్చు ఎక్కువ, స్థలం కావాలి. అందుకే అంచనాలు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కోత పడేది వీటికే.

ఇదంతా కాగితం మీది ఆదర్శం కాదని చూపించిన రోడ్డు పక్క రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటకలో బెళగావి నుంచి యరగట్టి దాకా పోయే రాష్ట్ర రహదారి 20ని ప్రపంచ బ్యాంకు సాయంతో సురక్షిత కారిడార్‌గా తీర్చిదిద్దారు. జంక్షన్లు సరిచేయడం, ఊళ్లలో నడిచే దారులు, దాటింపులు, బస్ బేలు, పోలీసు నిఘా, అంబులెన్సు అన్నీ ఒకే రోడ్డు మీద ఒకేసారి పెట్టారు. కొన్నేళ్లలో అక్కడ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కేరళలో కళక్కూట్టం నుంచి అడూర్ వరకు ఎంసీ రోడ్డు మీద కూడా ఇలాంటి కారిడార్ చేపట్టారు. బెళగావి దగ్గర పనిచేసింది ఏదో ఒక పరికరం అనుకుంటే పాఠం తప్పిపోతాం. రోడ్లు, పోలీసు, ఆరోగ్య శాఖలు ఒకే అరవై కిలోమీటర్ల మీద ఒకే సమయంలో పనిచేయడం అక్కడి తేడా.

తారు కింద ఏముంది

రోడ్డు ఎందుకు త్వరగా పోతుందన్నది భద్రతకు దూరమైన విషయంలా కనిపిస్తుంది. గుంత తప్పించబోయి అవతలి లేన్‌లోకి వెళ్లిన బైకు సంగతి తెలిసినవాళ్లు అలా అనుకోరు.

రోడ్డును తినేవి రెండు, బరువూ నీళ్లూ. ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఇంజినీర్ల లెక్క. అంటే 20 శాతం ఎక్కువ లోడు వేస్తే నష్టం రెట్టింపు. బరువు రెండింతలైతే నష్టం పదహారు రెట్లు. ఐఆర్‌సీ 37 అనే ప్రమాణం ప్రకారం రాష్ట్ర రహదారిని 20 ఏళ్ల ట్రాఫిక్‌కు డిజైన్ చేయాలి. ఆ లెక్కలో అనుకున్న లోడు ఒకటి, క్వారీ నుంచి ఇసుక రీచ్ నుంచి నిజంగా వచ్చే టిప్పర్ లోడు ఇంకొకటి. 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితినే పెంచింది, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులున్నది 11.5 అయింది. అంతకు ముందు కట్టిన రోడ్లు పాత లెక్కకు కట్టినవే. ఓవర్‌లోడు పట్టుకోవడం రవాణా శాఖ పని, గుంతలకు మాట పడేది ఆర్ అండ్ బీ.

నల్లరేగడి నేలలో నీటి సమస్య రెట్టింపవుతుంది. వానకు ఉబ్బి, ఎండకు కుంగి ఆ నేల పైనున్న పొరలన్నింటినీ చీలుస్తుంది. సున్నం కలిపి గట్టిపరచడమో, మంచి మట్టి పోసి ఎత్తు లేపడమో చేయకుండా పైన ఎంత మందం తారు వేసినా నిలవదు. రోడ్డు మధ్య నుంచి పక్కకు రెండు రెండున్నర శాతం వాలు ఉండాలి, ఆ వాలు నుంచి జారిన నీళ్లకు పక్క కాలువ ఉండాలి. ఊళ్లలో కాలువ మూసి షాపు మెట్టు కట్టిన చోటే మొదటి గుంత పడుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఖమ్మం, విజయవాడ ప్రాంతాల్లో కురిసిన వానలకు కొట్టుకుపోయిన రోడ్లు, కల్వర్టులు చూశాక పాత వాన లెక్కలతో కల్వర్టు తూములు కట్టడం ఇక సరిపోదని ఒప్పుకోవాలి. లోలెవల్ కాజ్‌వేలు ఉన్న చోట వరద మీదుగా బండి దాటించబోయి మనుషులు కొట్టుకుపోతున్నారు. అక్కడ హైలెవల్ వంతెన కట్టడం ఏ క్రాష్ బ్యారియర్ కన్నా ముందు చేయాల్సిన భద్రత పని.

భుజాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోడ్డు మీద కొత్త పొర వేసినప్పుడల్లా తారు ఎత్తు పెరుగుతుంది, పక్క గ్రావెల్ అక్కడే ఉంటుంది. రెండు మూడు పొరలయ్యేసరికి అరడుగు అంచు మిగులుతుంది. వెనక నుంచి బస్సు హారన్ కొడితే బైకు మీదున్నవాడు పక్కకు దిగలేడు, దిగితే పడతాడు. సైకిల్ తొక్కే పిల్ల తారు అంచునే నడుపుతుంది. పొర వేసే ప్రతి కాంట్రాక్టులోనూ భుజం కూడా ఎత్తు కలిపి ఇస్తేనే బిల్లు అని రాయడం ఎంతో సులభం. ఒకటిన్నర మీటరైనా భుజానికి తారు వేస్తే బైకులకు, సైకిళ్లకు సొంత దారి దొరుకుతుంది. మృతుల్లో దాదాపు సగం మంది బైకుల మీద వెళ్లేవాళ్లయిన దేశంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని మరొకటి కనిపించదు.

పని జరుగుతున్న రోజుల ప్రమాదం ఇంకొకటి. ఒక వైపు తవ్వి, మట్టి కుప్పలు పోసి, రెండు రాళ్లు అడ్డం పెట్టి వదిలేసిన డైవర్షన్లు రాత్రిపూట కనిపించవు. ఐఆర్‌సీ ఎస్‌పీ 55 పేరుతో దీనికి పూర్తి మార్గదర్శకాలున్నాయి. కాంట్రాక్టులో అవి ఒక పేజీ. నేల మీద ఒక డ్రమ్ము, దానికి చుట్టిన ఎర్ర గుడ్డ.

చెట్లు, భూమి, డబ్బు

విస్తరణ ఆగిపోతే ఎక్కువగా ఆగేది భూమి దగ్గర. 2014 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం రైతుకు న్యాయమైన ధర ఇవ్వాలని చెప్పింది, అది సరైనదే. కానీ ఊళ్లో ఇల్లు సగం పోయేవాడికి, షాపు అద్దె మీద బతికేవాడికి పరిహారం తేలకుండా టెండరు పిలిస్తే, రెండు చివర్లా నాలుగు వరుసలు వచ్చి మధ్యలో ఊరు పాత ఇరుకులోనే మిగులుతుంది. వెడల్పు రోడ్డు నుంచి వేగంగా వచ్చిన బండి సరిగ్గా జనం ఉన్న చోట ఇరుకులో దూరుతుంది. ఊరి భాగానికి భూమి చేతికి రాకుండా మిగతా భాగం మొదలుపెట్టకపోవడమే మేలు.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు పోయే రోడ్డులో చేవెళ్ల దగ్గర తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల విషయం ఇంకో రకం పాఠం. అది జాతీయ రహదారి 163లో భాగం, అయినా ప్రశ్న అన్ని రోడ్లదీ. విస్తరణ కావాలన్నవాళ్లూ, చెట్లు నిలవాలన్నవాళ్లూ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చి ఏళ్లు గడిచాయి. చెట్లను మధ్య డివైడర్‌లోకి తీసుకుని కొత్త రెండు వరుసలు పక్కన వేయవచ్చా, ఎక్కడ వంపు తీసుకోవాలి అన్న ప్రశ్నలు కోర్టుకు ముందు డీపీఆర్‌లో రావాల్సినవి. చెట్టుకూ మనిషికీ పోటీ పెట్టడం ప్రణాళిక ఆలస్యంగా మొదలైనప్పుడే జరుగుతుంది.

డబ్బు సంగతికి వస్తే, రాష్ట్రాలు మూడు నాలుగు దారులు వాడుతున్నాయి. బడ్జెట్ పనులు, ప్రపంచ బ్యాంకు, న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు వంటి చోట్ల రుణాలు, టోల్ మీద బీఓటీ (కాంట్రాక్టరు కట్టి, కొన్నాళ్లు నడిపి, తిరిగి అప్పగించే పద్ధతి), ఇప్పుడు హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ). 2016లో కేంద్రం తెచ్చిన హ్యామ్ పద్ధతిలో కట్టేటప్పుడు 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది. ఆ వాయిదాల కాలంలో రోడ్డు బాగోగులు కాంట్రాక్టరువే. భద్రత కోణంలో ఇది మంచి అవకాశం. వాయిదాను రోడ్డు నునుపుకు ముడిపెట్టినట్టే, బోర్డులు, గీతలు, దీపాలు, భుజాలు, దాటింపులు సరిగా ఉండటానికీ ముడిపెట్టవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రోడ్ సెక్టార్ ప్రాజెక్టులో పనితీరు ఆధారంగా చెల్లించే దీర్ఘకాల నిర్వహణ కాంట్రాక్టులు నడిచాయి. గుంత పూడిస్తే బిల్లు అనే పద్ధతి బదులు, గుంత కనిపిస్తే కోత అనే పద్ధతి అది. గుంతలు పడ్డాక ప్రచారంతో ప్యాచ్ వర్క్ చేయడం కన్నా ఆ దారే మేలు.

బ్లాక్ స్పాట్ అయ్యేదాకా ఆగాలా

కేంద్రం ఇచ్చిన నిర్వచనం ప్రకారం 500 మీటర్ల లోపు మూడేళ్లలో ప్రాణం పోయినవో తీవ్ర గాయాలైనవో ఐదు ప్రమాదాలు జరిగినా, పది మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ప్రమాద స్థలాలను గుర్తించడానికి ఇది అవసరమే. కానీ అది ఐదు ఘోర ప్రమాదాలో పది చావులో జరిగాక కదిలే పద్ధతి. ఈ-డార్ అనే ప్రమాదాల ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో పోలీసులు ఇప్పుడు ప్రమాద స్థలాన్ని ఫోన్‌లోనే మ్యాప్ మీద నమోదు చేస్తున్నారు. చిన్న ప్రమాదాలు ఎక్కడ గుంపు కడుతున్నాయో చూసి ముందే కదలడానికి ఆ సమాచారం ఇంజినీరు టేబుల్ మీదికి ప్రతి నెలా రావాలి.

రోడ్ సేఫ్టీ ఆడిట్ ఇంకా ముందటి మెట్టు. డిజైన్ దశలో, కట్టేటప్పుడు, తెరవబోయే ముందు డిజైన్‌తో సంబంధం లేని బయటి నిపుణులు పగలూ రాత్రీ రోడ్డు మీద నడిచి చూడాలి. తెరవబోయే ముందు జరిగే ఆడిట్‌లో బయటపడేవి తరచుగా చిన్నవే: వంపు దగ్గర బోర్డును కప్పిన చెట్టు కొమ్మ, మొదలు చివర సరిగా ముగించని క్రాష్ బ్యారియర్, కల్వర్టు గోడ మీద లేని రిఫ్లెక్టర్, ఊరి అడ్డరోడ్డు నుంచి హైవే కనిపించని మూల. ఒక్కోదానికి వేల రూపాయల ఖర్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ ప్రకారం, భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోతే లేదా అంగవైకల్యం వస్తే రోడ్డు అధికారికీ కాంట్రాక్టర్‌కూ కన్సల్టెంట్‌కూ లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కోట్ల పనిలో లక్ష పెద్దది కాదు. అయినా రోడ్డు తప్పు కూడా ఒక నేరమని చట్టం మొదటిసారి స్పష్టంగా ఒప్పుకుంది. ఎఫ్‌ఐఆర్‌లో డ్రైవర్ అతివేగం, నిర్లక్ష్యం అనే రెండు మాటలతో విచారణ ముగిసిపోతే మాత్రం ఆ సెక్షన్ వాడుకలోకి రాదు. మరణం జరిగిన ప్రతి చోటికీ పోలీసుతో పాటు ఒక ఇంజినీరు వెళ్లి రోడ్డు గురించి అరపేజీ రాసి కేసు ఫైల్లో పెట్టడం తప్పనిసరి చేయాలి.

గాయపడ్డాక దొరికే సాయం మీద ఇటీవల కొంత కదలిక ఉంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం ఇచ్చే కేంద్ర పథకం అమల్లోకి వచ్చింది. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకూడదన్న రక్షణ అంతకు ముందే చట్టంలో చేరింది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర రహదారుల విస్తరణకు కొత్త టెండర్ల మాట వినిపిస్తోంది. ఏ ప్యాకేజీలోనైనా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. దారిలోని ప్రతి ఊరికీ విడిగా ఒక డ్రాయింగ్ ఉందా, అందులో వేగం రాసి ఉందా, దాటింపులూ భుజాలూ సర్వీస్ రోడ్డూ అంచనాలో విడి పద్దుగా ఉన్నాయా, ఆ పద్దులోని డబ్బును తారు పొరకు మళ్లించకూడదన్న షరతు ఉందా. టెండరు పిలవకముందే ఆ డ్రాయింగును పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించి, అక్కడ రోజూ రోడ్డు దాటేవాళ్లు చెప్పే మార్పులు వినడానికి ఒక నెల గడువు ఇవ్వాలి.